డిస్నీల్యాండ్ వాకిట్లో మా నాన్న

అమెరికాలో, కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్‌కి వెళ్ళినవాళ్ళలో చాలామందికి మెయిన్ స్ట్రీట్ అంటే లోపలికి పోయే దారి, అంతే. గేటు దాటగానే పిల్లల చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా, చివర్లో కనిపించే కోట వైపు పరుగులాంటి నడక. రైడ్ల దగ్గర క్యూ పెరిగిపోతుందని టెన్షన్. మళ్ళీ రాత్రి బాణసంచా అయిపోయాక కాళ్ళు పీకుతుంటే, భుజం మీద నిద్రపోయిన పిల్లని మోసుకుంటూ అదే వీధిలో వెనక్కి. మా ఇంట్లో మాత్రం డిస్నీల్యాండ్ అనగానే అందరికీ ముందు ఆ వీధే గుర్తొస్తుంది. అందుకు కారణం మా నాన్న. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు సగం రోజు గడిచినా ఆ వీధి దాటి ముందుకి రాలేదు. దాని గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

నాన్న స్టేషన్ మాస్టర్. గుంటూరు - మాచర్ల లైను, అప్పట్లో మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు ఒక మీటరే. నా చిన్నతనం సత్తెనపల్లిలో కొన్నాళ్ళు, పిడుగురాళ్ళలో కొన్నాళ్ళు, అలా రైల్వే క్వార్టర్లలోనే గడిచింది. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దుమ్ము ఆరేసిన బట్టల మీద తెల్లగా పడేది, అమ్మ రోజూ వాటిని దులిపి దులిపి మడత పెట్టేది. స్టేషన్లో రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది, బండి పక్క స్టేషన్ వదిలిందంటే దాన్నే గంటగా కొట్టేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి పోర్టరు కిరసనాయిలు దీపాలు తుడిచి, నూనె పోసి, వెలిగించి తీసుకెళ్ళి సిగ్నల్ స్తంభం ఎక్కి పెట్టి వచ్చేవాడు. ముందుకి పోవచ్చని అనుమతిగా ఇచ్చే టోకెన్ ఉన్న బెత్తపు రింగు డ్రైవరు చేతికి అందితే గానీ బండి కదలదు, ఆ టోకెన్ మా నాన్న గదిలోంచే వెళ్ళాలి. నాకూ తమ్ముడికీ దానికి మించిన గొప్ప లోకంలో ఇంకోటి ఉండేది కాదు. తొంభైల్లో ఆ లైను బ్రాడ్ గేజ్ అయింది. పాత పట్టాలు పీకేశారు, ఆవిరి ఇంజన్లు అప్పటికే తగ్గిపోయాయి. ఆ పట్టాలు పీకుతున్న రోజుల గురించి నాన్న ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. అడిగితే "కొత్త లైను మంచిదేగా, బండ్లు త్వరగా పోతాయి" అనేవారు.

2004 వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. అప్పుడు మేం ఇర్వైన్‌లో ఉండేవాళ్ళం, అక్కడి నుంచి డిస్నీల్యాండ్ కారులో కాసేపే. మా అబ్బాయికి ఐదేళ్ళు. వాడికి తాతయ్యని టీకప్పుల రైడ్‌లో కూర్చోబెట్టి తిప్పాలని ఒకటే ఆత్రం. అమ్మ తెల్లారుజామునే లేచి పులిహోర కలిపింది. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారా అని రాత్రంతా అడుగుతూనే ఉంది. మన ఇంటికి కావలసినంత తీసుకెళ్ళచ్చమ్మా అని చెప్పినా, గేటు దగ్గర బ్యాగు చూసేవాళ్ళు ఆ డబ్బా పక్కకి జరిపి "ఓకే" అనేదాకా ఆవిడ మొహంలో నవ్వు లేదు.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా పూలమొక్కలతో వేసిన మిక్కీ మొహం ఉంటుంది, అందరూ అక్కడ ఆగి ఫోటో దిగుతారు. మేమూ నిలబడ్డాం. కెమెరా పట్టుకుని మా ఆయన "మామయ్యగారూ, ఇటు చూడండి" అంటున్నారు, నాన్న చూపు మాత్రం పైన ఉంది. ఆ పూల మిక్కీ వెనక ఎత్తైన మట్టికట్ట, కట్ట మీద గడియారం పెట్టిన ఇటుక రంగు రైల్వే స్టేషన్. "అమ్మడూ, అది నిజం స్టేషనేనా, బొమ్మా?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే లోపలెక్కడో కూత వినిపించింది. ఆవిరి కూత. డీజిల్ హారన్‌కీ దానికీ తేడా ఆయనకి చెప్పక్కర్లేదు. మెట్లెక్కడం మొదలుపెట్టేశారు. అప్పటికే మోకాళ్ళ నొప్పులున్న మనిషి, కనీసం రెయిలింగు కూడా పట్టుకోలేదు.

ఆ పార్కు కట్టిన పద్ధతి తెలిస్తే ఆ స్టేషన్ అక్కడెందుకుందో అర్థమవుతుంది. పార్కు చుట్టూ కట్ట వేశారు, కట్ట మీద రైలు తిరుగుతుంది. బయట ఉన్న రోడ్లూ కార్లూ కరెంటు స్తంభాలూ లోపలివాళ్ళకి కనపడకూడదని ఆ ఏర్పాటు. లోపలికి పోవాలంటే ఆ పట్టాల కింద నుంచి, కుడి పక్కనో ఎడమ పక్కనో ఉన్న చిన్న సొరంగం దాటాలి. ఆ సొరంగం మీద ఇత్తడి పలక ఒకటి ఉంటుంది, ఇక్కడ ఈ రోజుని వదిలి నిన్నటి లోకంలోకి, రేపటి లోకంలోకి, ఊహల లోకంలోకి వెళ్తున్నారు అనే అర్థం వచ్చే మాటలతో. దాటగానే 1900 ప్రాంతాల నాటి చిన్న అమెరికన్ ఊరు. టౌన్ హాలు, ఫైర్ స్టేషను, నాటకాల హాలు, అంగళ్ళు, గుర్రం లాగే ట్రాము. రైలు దిగి ఊళ్ళోకి వచ్చినట్టుగా ఆ అమరిక. ఏ ఊరికైనా రైల్లో వెళ్ళి దిగిన తరం వాళ్ళకి అది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. నాన్నకి తెలిసిపోయింది.

ప్లాట్‌ఫాం మీద ఊరి పేరుతో బోర్డు. అందులో సముద్ర మట్టం నుంచి ఎత్తు, జనాభా రాసి ఉన్నాయి. జనాభా అంటే అప్పటిదాకా ఆ పార్కుకి వచ్చినవాళ్ళ లెక్క, కోట్లలో. నాన్నకి ఆ ఎత్తు నచ్చింది. మన పసుపు బోర్డుల మీద కూడా స్టేషన్ పేరు కింద ఎత్తు ఉంటుంది కదా, ఎవరూ చదవరు. ఆయన మనవణ్ణి దగ్గరికి తీసుకుని అది ఎందుకు రాస్తారో, డ్రైవరుకి ఎక్కుడు దిగుడు ఎలా తెలియాలో చెప్పడం మొదలుపెట్టారు. పక్కన సైడింగులో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పిడి కిందకీ పైకీ కొడితే నడిచే పాత ట్రాలీ ఉంది. దాని దగ్గర ఇంకాసేపు. పట్టాల మధ్య వెడల్పు చూసి, "ఇది మన మీటర్ గేజ్ కాదు, ఇంకా తక్కువ, మూడడుగులుంటుంది" అన్నారు. అక్కడున్న కండక్టర్ని అడిగితే అవును, మూడడుగులే అన్నాడు. మీటర్ గేజ్ అంటే మూడు అడుగుల మూడు అంగుళాల చిల్లర. ఆ మూడు అంగుళాల తేడా కంటితో చూసి చెప్పారు.

మాకొచ్చిన ఇంజను ఇ. పి. రిప్లీ. మొదట్లో ఆ లైను మీద నడిచిన రెండు ఇంజన్లలో అదొకటి, రెండోది సి. కె. హాలిడే. హాలిడే శాంటా ఫే రైల్వేని మొదలుపెట్టిన మనిషి, రిప్లీ దాని అధ్యక్షుడు. ఆ రెండూ 1955లో పార్కు తెరవడానికి ముందు డిస్నీ స్టూడియో వాళ్ళే తయారు చేయించుకున్నవి. ఆ తర్వాత చేర్చిన ఇంజన్లలో ఫ్రెడ్ గర్లీ అనేది ఇంకా పాతది, 1894లో బాల్డ్విన్ కంపెనీలో తయారై లూసియానాలో చెరుకు తోటల్లో పని చేసి వచ్చిందట. ఇవన్నీ నిజం బాయిలర్లు, నిజం ఆవిరి, కాకపోతే బొగ్గు కాదు, నూనె మండిస్తారు. నాన్న గాలి పీల్చి "బొగ్గు వాసన లేదే" అన్నారు, చిన్న లోటు ఏదో ఉన్నట్టు. బండి పార్కు చుట్టూ తిరిగింది. గ్రాండ్ కాన్యన్ బొమ్మల సొరంగం, డైనోసార్లు, అన్నీ మా అబ్బాయి అరుస్తూ చూశాడు. నాన్న ముందుకి వంగి వంపు దగ్గర పట్టా ఎటు వాలిందో, సిగ్నల్ ఎప్పుడు మారిందో చూసుకుంటూ కూర్చున్నారు. మళ్ళీ మెయిన్ స్ట్రీట్ స్టేషన్ వచ్చింది, దిగుదాం అంటే "ఇంకో రౌండు పోదాం తల్లీ" అన్నారు. నన్ను ఏదైనా అడగడం ఆయనకి అలవాటు లేదు. అందుకే అది బాగా గుర్తుండిపోయింది.

వాల్ట్ డిస్నీ గురించి అప్పటికి నాకు మిక్కీ మౌస్‌కి మించి తెలియదు. ఆ రోజు తర్వాత చదివాను. ఆయనకి నాలుగేళ్ళప్పుడు, 1906లో, వాళ్ళ కుటుంబం మిస్సోరి రాష్ట్రంలో మార్సెలీన్ అనే చిన్న ఊరికి వెళ్ళింది, 1911 దాకా అక్కడే ఉన్నారు. అది శాంటా ఫే రైల్వే కోసం పుట్టిన ఊరు, షికాగో నుంచి కాన్సస్ సిటీ వెళ్ళే లైను మీద రైల్వే అవసరానికి 1888లో వెలసింది. ఆయన బాబాయి వరస మనిషి ఒకాయన అదే లైనులో ఇంజను డ్రైవరు. కొంచెం పెద్దయ్యాక డిస్నీ రైళ్ళలో పేపర్లూ చాక్లెట్లూ అమ్మాడు. పెద్దవాడై, డబ్బొచ్చాక, ఇంటి పెరట్లో మనుషులు ఎక్కి కూర్చునేంత చిన్న రైలు కట్టుకున్నాడు. ఆ తర్వాతే పార్కు. అందుకే పార్కులో అన్నిటికన్నా ముందు స్టేషను, ఆ వెనకే ఆ ఊరి వీధి. మెయిన్ స్ట్రీట్ అచ్చంగా మార్సెలీన్ కాదు. బొమ్మలు గీసిన హార్పర్ గాఫ్ తను పెరిగిన కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ భవనాలని కూడా అందులో కలిపాడు, టౌన్ హాలు ఆ ఊరి కోర్టు భవనం పోలికలోనే ఉంటుంది. అంటే ఇద్దరి చిన్ననాటి ఊళ్ళు కలిసి ఒక వీధి అయ్యాయి. నాకు ఆ సంగతి ఎంతో ఇష్టం. ఎవరో కమిటీ కూర్చుని పాత కాలపు వీధి ఇలా ఉండాలని తీర్మానిస్తే వచ్చేది కాదది.

స్టేషన్ దిగి టౌన్ స్క్వేర్‌లోకి వచ్చాం. అక్కడ ఫైర్ స్టేషను మీద చిన్న గది ఉంది, పార్కు కడుతున్న రోజుల్లోనూ ఆ తర్వాతా డిస్నీ రాత్రిళ్ళు ఉండటానికి కట్టించుకున్నది. ఆయన 1966 డిసెంబరులో పోయారు. ఆయన జ్ఞాపకంగా ఆ గది కిటికీలో దీపం వెలుగుతూనే ఉంటుంది. పగలు కూడా. దాని గురించి మా ఆయన చెప్తే అమ్మ తలెత్తి చూసి, అలవాటుగా రెండు చేతులూ జోడించింది. అక్కడ నడిచే వాళ్ళెవరికీ అది వింతగా అనిపించినట్టు లేదు, నాకూ అనిపించలేదు.

పక్కనే ఆపెరా హౌస్. అప్పట్లో లోపల అబ్రహాం లింకన్ బొమ్మ లేచి నిలబడి మాట్లాడేది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసి, మరుసటి ఏడు ఇక్కడ కూడా పెట్టారు. మేం చూసినప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే ఏర్పాటు ఉండేది. లింకన్ కుర్చీలోంచి లేవగానే అమ్మ గబుక్కున నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్నకి స్కూల్లో లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం కంఠస్థం చేయించారట, ఆ మాటలు వస్తుంటే పెదవులు కదుపుతూ కూర్చున్నారు. ఆయనకి ఆ ప్రసంగం వచ్చని నాకు అంతవరకూ తెలియదు. ఒకే ఇంట్లో అన్నేళ్ళు ఉండి కూడా.

ఇక వీధిలోకి. ఆ భవనాలని ఎంతసేపు చూసినా తనివి తీరదు. కింది అంతస్తు ఇంచుమించు మామూలు కొలతలో ఉంటుంది, పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంది, అందువల్ల ఎత్తుగా కనిపిస్తాయి, అయినా మనిషిని భయపెట్టవు. ఆ వీధిని గీసినవాళ్ళలో చాలామంది సినిమా సెట్లు వేసినవాళ్ళు, కంటిని ఎలా నమ్మించాలో వాళ్ళకి తెలుసు. మా ఆయన సివిల్ ఇంజనీరు కాబట్టి దాన్ని గోడకి ఆనుకుని కొలిచినంత పని చేశారు. దీపస్తంభాలు నిజంగా గ్యాస్‌తో వెలిగేవి. తూర్పు రాష్ట్రాల పాత ఊళ్ళలో తీసి పడేస్తుంటే తుక్కు కింద కొని తెచ్చారు. జెండా కర్ర కింద ఉన్న ఇనుప దిమ్మ కూడా అలాంటిదే, లాస్ ఏంజెలెస్‌లో విల్షైర్ రోడ్డు మీద కారు గుద్దితే పడిపోయిన లైటు స్తంభం అడుగు భాగం. నాన్న ఆ గ్యాస్ దీపం గాజు లోపల చిన్న మంటని చూసి, "దీన్ని రోజూ ఎవరు తుడుస్తారో" అన్నారు. సిగ్నల్ దీపం గాజు మసి పట్టకుండా ఉండటం ఆయన ఉద్యోగంలో పెద్ద సంగతి మరి.

పై అంతస్తు కిటికీల మీద పేర్లు రాసి ఉంటాయి. చూడ్డానికి పాత కాలపు దుకాణం బోర్డుల్లా ఉంటాయి, ఫలానా దర్జీ, ఫలానా సంగీతం మాస్టారు అని. నిజానికి అవన్నీ ఆ పార్కు కట్టిన మనుషుల పేర్లు. సినిమా చివర్లో పేర్లు పడతాయే, వాటికి బదులుగా ఇక్కడ కిటికీలు. ఎంపోరియం అనే పెద్ద కొట్టు పైన ఉన్న కిటికీ మీద ఇలయస్ డిస్నీ, కాంట్రాక్టరు, 1895 నుంచి అని ఉంటుంది. ఆయన వాల్ట్ వాళ్ళ నాన్న. వడ్రంగం, కట్టుబడి, పొలం, ఎన్నో పనులు చేసిన మనిషి, 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కట్టడాల్లో కూలికి పని చేశాడు. కొడుకు తన ఊరిని తిరిగి కట్టుకున్నప్పుడు దాని వీధిలో నాన్న పేరుతో కిటికీ పెట్టుకున్నాడు. ఇది నేను చాలా ఏళ్ళకి గమనించాను, నాన్న పోయాక. ఆ రోజు నుంచి ఎప్పుడు వెళ్ళినా ఆ కిటికీ కింద కాసేపు నిలబడకుండా ముందుకి వెళ్ళలేను.

ఇప్పుడు అసలు సంగతి, మార్కెట్ హౌస్. పాత పచారీ కొట్టులా ఉంటుంది, మధ్యలో ఇనుప కుంపటి స్టవ్వు, చెక్కర్స్ బల్ల, గోడకి చెక్క పెట్టె టెలిఫోన్లు. రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుంటే ఎవరో ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్న మాటలు వినిపిస్తాయి. ఆ కాలంలో ఊళ్ళో నాలుగైదు ఇళ్ళకి కలిపి ఒకే లైను ఉండేది, ఎవరు ఎత్తినా అందరి మాటలూ వినపడేవి, దాన్ని గుర్తు చేయడానికి పెట్టారు. అందరూ ఎత్తి, రెండు మాటలు విని, నవ్వి పెట్టేస్తారు. నాన్న ఎత్తారు. పెట్టలేదు. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు నేల మీద, అలా నిలబడి వింటున్నారు. ఆ నిలబడటం నాకు తెలుసు. స్టేషన్లో కంట్రోల్ ఫోన్ దగ్గర అచ్చంగా అలాగే నిలబడేవారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అప్పట్లో సెక్షన్లో ఉన్న స్టేషన్లన్నిటికీ కలిపి ఒకే కంట్రోల్ లైను ఉండేది. గుంటూరులో కంట్రోలర్ ఒక స్టేషన్‌ని పిలిచి మాట్లాడుతుంటే మిగతా స్టేషన్ మాస్టర్లు ఎవరు రిసీవరు ఎత్తినా ఆ మాటలు వినపడతాయి. ఏ బండి ఎక్కడుంది, ఏ గూడ్సుని ఎక్కడ ఆపారు, అన్నీ దాని మీదే. రాత్రి డ్యూటీలో బండ్లు లేనప్పుడు ఆ లైను మీదే ఊసులు కూడా నడిచేవి. ఎవరింట్లో పెళ్ళి చూపులు, ఎవరి గేదె ఈనింది, ఎవరికి బదిలీ. అమ్మకి చుట్టుపక్కల ఊళ్ళ కబుర్లన్నీ ఆ ఫోన్ ద్వారానే వచ్చేవి. అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే మధ్యలో నాన్న "మాస్టారూ, నేనూ వింటున్నా" అని చెప్పి నవ్వడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అనహైమ్‌లో ఆ చెక్క ఫోన్ పెట్టి ఆయన మా వైపు తిరిగారు. కళ్ళలో నీళ్ళు లేవు, ఒక్కసారిగా పాతికేళ్ళు తగ్గిన ఉత్సాహం. "ఇది మా కంట్రోల్ ఫోనేగా!" అన్నారు. అమ్మని పిలిచి రిసీవరు ఇచ్చారు. అమ్మకి ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా వింటూ "ఏదో తగువులా ఉందండీ" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఆ కుంపటి పక్కన కుర్చీల్లో కూర్చుని రెంటచింతల వైపు పనిచేసిన మాస్టర్ల గురించి, వాళ్ళ పిల్లలు ఇప్పుడెక్కడున్నారో, ఎవరు పోయారో మాట్లాడుకున్నారు. మా అబ్బాయి టీకప్పులు అని ఏడుపు మొదలుపెడితే వాణ్ణి తీసుకుని మా ఆయన వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉన్నాను. అమ్మానాన్నలు అలా పక్కపక్కన తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడం నా చిన్నప్పుడు చూసిన గుర్తు లేదు. నాన్నకి డ్యూటీలు, అమ్మకి ఇంటి పని. ఆ పార్కులో నేను చూసినవాటన్నిటిలోకీ అదే నాకు బాగుంది.

పులిహోర ఆ వీధి పక్కనే బెంచీ మీద తిన్నాం. గుర్రం ట్రాము వెళ్తుంటే దారి పొడుగునా ఆ గంట శబ్దం. గీతల కోట్లు వేసుకున్న నలుగురు గాయకులు వచ్చి వాద్యాలేమీ లేకుండా నోటితోనే పాడారు, డాపర్ డాన్స్ అంటారు వాళ్ళని, 1959 నుంచీ ఆ వీధిలో ఆ బృందం ఉంది. మిఠాయి కొట్టు ముందు వెనీలా వాసన వస్తుంది, అది కావాలనే గాలి గొట్టంలోంచి వదుల్తారట. అమ్మకి మాత్రం వాసన కంటే అద్దం వెనక పాకం పట్టేవాళ్ళ మీద దృష్టి. ఒకమ్మాయి పాకం బల్ల మీద పోసి సర్దుతుంటే "ఇంకొంచెం ముదరనివ్వాల్సింది" అని నాతో నెమ్మదిగా అంది. చల్లారాక అది సరిగ్గానే గట్టిపడింది, అమ్మ తలాడించి మెచ్చుకుంది. మెయిన్ స్ట్రీట్ సినిమా హాల్లో పాత నలుపు తెలుపు మిక్కీ బొమ్మలు వేస్తారు, 1928 నాటి స్టీమ్‌బోట్ విల్లీ కూడా. టికెట్ కిటికీలో టిల్లీ అనే బొమ్మ కూర్చుని ఉంటుంది, పేరు బిళ్ళ మీద ఆమె ఊరు మార్సెలీన్ అని రాసి ఉంటుంది. ఇలాంటివి వెతుక్కుంటూ పోతే రోజు సరిపోదు.

సాయంత్రం జెండా దింపే కార్యక్రమం ఉంటుంది, పార్కులో రోజూ జరిగేది. బ్యాండు వాయిస్తుంటే మిలిటరీలో పని చేసినవాళ్ళు ముందుకి వచ్చి నిలబడతారు. ఆ పక్కనే గుంపులో నాన్న కూడా అటెన్షన్‌లో నిలబడ్డారు, ఎవరూ అడక్కుండానే. చీకటి పడుతుండగా భవనాల అంచుల వెంట బల్బులు వరసగా వెలిగాయి. వీధి చివర రిఫ్రెష్‌మెంట్ కార్నర్ దగ్గర ఎరుపు, తెలుపు బల్బులు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. లెక్క బేసిగా వచ్చింది కాబట్టి మూల దగ్గర ఒక బల్బుకి సగం ఎరుపు, సగం తెలుపు రంగు వేశారు. అక్కడే పియానో వాయించే ఆయన ఉంటాడు. ఆ సగం బల్బు మా అబ్బాయి కనిపెట్టాడు, ఆ తర్వాత ఎవరు మా ఇంటికి వచ్చినా తీసుకెళ్ళి చూపించడం వాడి బాధ్యత అయిపోయింది. కోట దాకా మేం వెళ్ళాం, టీకప్పులు కూడా తిరిగాం, కానీ వాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

నాన్న 2012లో పోయారు. మరుసటి ఏడు మార్కెట్ హౌస్‌లో స్టార్‌బక్స్ వచ్చింది. ఆ వార్త విన్నప్పుడు నాకు గుండె జారింది, ఆ ఫోన్లు తీసేస్తారేమో అని. తీయలేదు. కాఫీ కోసం నిలబడ్డవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళి ఎత్తితే ఇప్పటికీ మాటలు వినిపిస్తాయి. కరోనా వచ్చి 2020 మార్చిలో పార్కు మూసేసి, 2021 ఏప్రిల్ 30న తెరిచేదాకా ఏడాదికి పైగా ఆ రైలు తిరగలేదు. తెరిచాక మేం వెళ్ళినప్పుడు అమ్మకి వీడియో కాల్ చేసి స్టేషన్ చూపించాను. "మీ నాన్న ఎక్కిన బండేనా?" అని అడిగింది. ఆ రోజు నడుస్తున్నది వేరే ఇంజను, అదే చెప్పాను. "పేరేంటి" అంది. ఫ్రెడ్ గర్లీ అన్నాను. రాసుకుంటాను, నెమ్మదిగా చెప్పు అంది.

2025 జూలైలో పార్కుకి 70 ఏళ్ళు నిండాయి. అప్పుడే ఆపెరా హౌస్‌లో లింకన్ బదులు వాల్ట్ డిస్నీ బొమ్మే లేచి మాట్లాడే కొత్త ప్రదర్శన పెట్టారు. లింకన్ మీద ఇష్టం ఉన్నదాన్ని కాబట్టి ఆ మాట నాకు కాస్త వెలితిగానే ఉంది, ఆయన ప్రదర్శన కూడా మళ్ళీ వస్తుందంటున్నారు, రావాలి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పొద్దున్నే కోట వైపు పరుగెత్తకండి. ముందు స్టేషన్ మెట్లెక్కించండి, లేదా గుర్రం ట్రామెక్కించండి, కూర్చోబెట్టండి. వాళ్ళకి ఏది తగుల్తుందో మనకి ముందుగా తెలియదు. నడవలేనివాళ్ళకి కూడా ఆ వీధిలో నీడ ఉంది, బెంచీలున్నాయి, పార్కు మూసే టైం దాటాక కూడా అక్కడ కొట్లు ఇంకాసేపు తెరిచే ఉంటాయి.

ఈ డిసెంబరులో మా తమ్ముడి కుటుంబం హైదరాబాద్ నుంచి వస్తోంది. వాడు మొదటిసారి రావడం. పిల్లలకి స్టార్ వార్స్ చూడాలని ఉంది, సరే, వాళ్ళని మా అబ్బాయి తీసుకెళ్తాడు. తమ్ముణ్ణి మాత్రం నేను నేరుగా మార్కెట్ హౌస్‌కి తీసుకెళ్ళి, ఏమీ చెప్పకుండా ఆ రిసీవరు చేతికిస్తాను. నాన్న రాత్రి డ్యూటీలో ఉంటే క్యారేజీ పట్టుకుని వెళ్ళి ఆ కంట్రోల్ ఫోన్ పక్కన బల్ల మీద పడుకున్నవాడు వాడే. ఏమంటాడో చూడాలి.